రెక్కల బోర్డు: జెట్ విమానాల తొలినాటి టెర్మినల్‌ని ఇంటి గోడ మీదికి తెచ్చుకునే పద్ధతి

విమానాశ్రయంలో బయల్దేరే వేళలు చూపే నల్లబోర్డు ఒకప్పుడు టీవీ తెర కాదు. పేక కలిపినట్టు టపటపమని రెక్కలు తిరిగి, ఒక ఊరి పేరు పోయి ఇంకో ఊరి పేరు వచ్చేది. ఇటలీలోని ఉడీనె పట్టణపు సొలారీ గడియారాల కంపెనీ ఈ బోర్డులకు పేరుమోసింది. 1956లో బెల్జియంలోని లియేజ్ రైల్వే స్టేషన్‌లో పెట్టాక, అక్కడినుంచి విమానాశ్రయాలకు పాకింది. న్యూయార్క్‌లో వాస్తుశిల్పి ఈరో సారినెన్ గీసిన టీడబ్ల్యూఏ విమాన కంపెనీ టెర్మినల్ 1962లో తెరిచినప్పుడు, తెల్లటి వంపు గోడల మధ్య అందరి కళ్లూ పడింది ఈ బోర్డు మీదే. ఆ టెర్మినల్ 2001లో మూతపడి 2019లో హోటల్‌గా తెరుచుకుంది. బోర్డును బాగుచేసి మళ్లీ తిప్పుతున్నారు.

ఆ కాలపు సోకంతా ఇంటికి తేవాలంటే ఎర్ర తివాచీ, వంపు కుర్చీలు అక్కర్లేదు. ఈ ఒక్క బోర్డు చాలు. కింద చెప్పేది ఒక వరుస బోర్డు: ఊరు, గంట, నిమిషం, పరిస్థితి. కడప, అనంతపురం, కర్నూలు బజార్లలో దొరికే సామానుతోనే చాలావరకు అయిపోతుంది. మోటార్లు, ఎలక్ట్రానిక్స్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

తెలుగులో చేసేటప్పుడు ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇంగ్లీషు బోర్డుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి పెడతారు, 40 రెక్కల్లో అక్షరాలు, అంకెలు అన్నీ సరిపోతాయి. తెలుగుకు ఆ లెక్క కుదరదు. గుణింతాలు, ఒత్తులు కలిపితే గడికి వందల రెక్కలు కావాలి. అందుకని అక్షరం జోలికి పోకుండా పేరు మొత్తాన్ని ఒకే వెడల్పాటి రెక్క మీద వేయాలి. ఇది మనకోసం చేసుకున్న సర్దుబాటు కూడా కాదు. పాత సొలారీ బోర్డుల్లో ఊరి పేరు మొత్తం ఒకే రెక్క మీద ఉన్నవి చాలానే ఉండేవి.

24 లెక్క

నాలుగు గడులకూ రెక్కలు తగిలించడానికి ఒకే కొలత చక్రం, ఒక్కోదానికి 24 రెక్కలు. గంటలకు 00 నుంచి 23 దాకా సరిగ్గా 24. విమాన వేళలు ఎక్కువగా ఐదు నిమిషాల లెక్కనే ఉంటాయి కాబట్టి నిమిషాలకు 00, 05, 10 అలా 55 దాకా 12 చాలు. వాటిని రెండుసార్లు వేస్తే 24. పరిస్థితి గడికి ఆరు మాటలు: ఖాళీ, సమయానికి, ఆలస్యం, బోర్డింగ్, బయల్దేరింది, రద్దు. నాలుగుసార్లు వేస్తే అదీ 24.

ఊర్లు 24 మీ ఇష్టం. ఒక వరుస ఇలా ఉండొచ్చు: ఖాళీ, కడప, లండన్, కర్నూలు, బెయిరూట్, బెంగళూరు, రోమ్, చెన్నై, పారిస్, హైదరాబాదు, కైరో, విశాఖపట్నం, జెనీవా, తిరుపతి, న్యూయార్క్, విజయవాడ, టోక్యో, పుట్టపర్తి, సింగపూరు, బొంబాయి, కువైట్, ఢిల్లీ, దుబాయ్, కలకత్తా. బెయిరూట్, కైరో, జెనీవా పేర్లు ఊరికే పెట్టినవి కావు. 1960లో బోయింగ్ 707లు చేతికొచ్చిన ఎయిరిండియా పడమటి దారిలో ఆగిన ఊళ్లవి. రాజంపేట, రాయచోటి వైపు ఇల్లయితే కువైట్ రెక్క లేకుండా బోర్డు పెట్టారంటే వచ్చిన చుట్టాలు ఊరుకోరు.

పక్కపక్కన వాడే పేర్లను చక్రం మీద దూరంగా పెట్టండి. కర్నూలు తర్వాత చెన్నై రావాలంటే నాలుగు రెక్కలు పడితే బాగుంటుంది. ఒక్కటే పడితే చప్పుడూ లేదు, చూడ్డానికీ ఏమీ లేదు.

కావాల్సినవి

గంట, నిమిషం గడులకు తెల్లవి కాకుండా నల్లటి ఖాళీ ఐడీ కార్డులు 24 (86 × 54 మి.మీ., మందం 0.76), ఇంకో ఆరు చెడిపోయేవాటికి. ఊరు, పరిస్థితి గడులకు 0.5 మి.మీ. నల్ల మ్యాట్ పీవీసీ షీటు. ఇక్కడ 0.76 వాడకండి. ఊరి గడిలో 0.5 అయితే 24 రెక్కలూ కలిపి దాదాపు 120 గ్రాములు, 0.76 అయితే 180 దాటుతుంది. చక్రాన్ని చిన్న చిన్న అడుగులుగా తిప్పే స్టెప్పర్ మోటారు ఆ బరువు దగ్గర అడుగులు తప్పడం మొదలుపెడుతుంది.

చక్రాలకు 3 మి.మీ. యాక్రిలిక్. షీల్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో లేజర్‌తో కోసిస్తారు. గడికి 2 చొప్పున 8 బిళ్లలు: బయటి వ్యాసం 50, రంధ్రాల వలయం వ్యాసం 40, దాని మీద సమదూరంలో 24 రంధ్రాలు, ఒక్కోటి 2.6 మి.మీ. రంధ్రానికీ రంధ్రానికీ నడుమ 5.2 మి.మీ. వస్తుంది. లేజర్ గీత మందం వల్ల రంధ్రం 2.8 దాకా పెరిగినా పర్లేదు. 3 దాటితే బిళ్ల విరుగుతుంది.

రెండు బిళ్లల నడుమ ఇరుసుగా కరెంటు వైరింగుకు వాడే 20 మి.మీ. పీవీసీ పైపు. ఒక వైపు మోటారు, రెండో వైపు 5 మి.మీ. బోల్టు, 625 బేరింగు. మోటార్లు 28బీవైజే-48 రకం, 5 వోల్టులవి 4, వాటితో వచ్చే యూఎల్ఎన్2003 డ్రైవరు బోర్డులు 4, అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సార్లు 4, 5 × 2 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు 4, వీటన్నిటినీ నడిపే చిన్న కంప్యూటరు బోర్డు ఆర్డుయినో మెగా ఒకటి, 5 వోల్టుల 2 ఆంపియర్ల ఛార్జరు ఒకటి. అంతకంటే చిన్నదైన ఆర్డుయినో ఊనో ఎందుకు కాదంటే, మోటార్లకు 16 పిన్నులు, సెన్సార్లకు 4, మొత్తం 20. ఊనోలో ఉన్నవే 20, అందులో రెండు కంప్యూటరుతో మాట్లాడటానికి పోతాయి.

రెక్కలు కోయడం

ఐడీ కార్డును పొడవులో సరిగ్గా సగానికి కోస్తే 54 వెడల్పు, 43 ఎత్తు ఉన్న రెండు రెక్కలు. కోసిన అంచే పైన కీలు వైపు కావాలి, ఎందుకంటే కార్డు అసలు మూలలు గుండ్రంగా ఉంటాయి. బిళ్ల రంధ్రాల్లో దూరే చెవులు గుండ్రంగా ఉంటే జారిపోతాయి. కీలు అంచు నుంచి 2 మి.మీ. వదిలి, అక్కడినుంచి కింది దాకా రెండు పక్కలా 3 మి.మీ. పట్టీ కోసేయండి. మిగిలేది 48 వెడల్పు ఒళ్లు, పైన రెండు పక్కలా 3 మి.మీ. చెవులు. ఊరి గడికి ఒళ్లు 160, చెవులతో 166. పరిస్థితి గడికి 110, చెవులతో 116. ఎత్తు అన్నిటికీ 43.

కత్తి గీసిన చోట సన్నటి పొర పైకి లేస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. దాన్ని 400 నంబరు ఎమరీ పేపరు మీద రెండుసార్లు లాగి తీసేయాలి. ఈ పని విసుగని వదిలేస్తే తర్వాత రెండు రెక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా పడతాయి. అప్పుడు విప్పి 96 రెక్కలూ రాయాలి.

బిళ్లల మధ్య ఖాళీ ఒళ్లు కంటే 2 మి.మీ. ఎక్కువ: 50, 162, 112. రెక్క ఒక పక్కకు పూర్తిగా జరిగినా రెండో చెవి రంధ్రంలో 1 మి.మీ. మిగిలి ఉంటుంది. ఖాళీ 3 ఇస్తే ఊడి రావడం ఖాయం.

అక్షరాలు: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

ఒక పేరు రెండు రెక్కల మీద ఉంటుంది. నిలబడ్డ రెక్క ముందువైపు పేరు పై సగం. అంతకుముందు పడిపోయి వేలాడుతున్న రెక్క వెనకవైపు పేరు కింది సగం. అంటే 5వ రెక్క ముందు 5వ పేరు పై సగం ఉంటే, దాని వెనక 6వ పేరు కింది సగం ఉండాలి. 24వ రెక్క వెనక 1వ పేరు కింది సగం. పెన్సిలుతో చెవి దగ్గర నంబరు వేసుకోకుండా స్టిక్కరు అంటించడం మొదలుపెట్టొద్దు.

వెనకవైపు అంటించేటప్పుడు రెక్కను గోడ క్యాలెండరు కాగితం పైకి ఎత్తినట్టు తిప్పండి, పుస్తకం పేజీలా పక్కకు కాదు. ముందువైపు చూసేటప్పుడు చెవులు కింద, వెనకవైపు చూసేటప్పుడు చెవులు పైన. పక్కకు తిప్పి అంటిస్తే కింది సగాలన్నీ తలకిందులు.

ఇక ఎత్తు లెక్క. రెక్క 43, రెక్క 43, రెండు కీళ్ల నడుమ ఖాళీ 5. బొమ్మ మొత్తం 91 మి.మీ. ఎత్తున గీసి, పైనుంచి 43కూ 48కీ మధ్య ఉన్న 5 మి.మీ. పట్టీని తీసి పారేయాలి. తీయకుండా సగానికి కోసి అంటిస్తే అక్షరం నడుము సాగినట్టు కనబడుతుంది. ఆ 91లో పైన 6 ఖాళీ, గుడి, తలకట్టు, దీర్ఘాలకు 16, అక్షరం ఒళ్లుకు 36, ఒత్తులకు 25, కింద 8 ఖాళీ. ఇలా పంచితే పోయే పట్టీ అక్షరం ఒళ్లు కింది భాగంలో పడుతుంది. తలకట్టు, ఒత్తు రెండూ బతుకుతాయి. పేరుకో తీరుగా పంచకండి, 24 పేర్లకూ అక్షరాల పాదం ఒకే గీత మీద ఉండాలి. ‘చెన్నై’లో న వత్తు, ఐత్వం రెండూ కిందికి దిగుతాయి. దానికి చోటు చాలక ఆ ఒక్క పేరునే పైకి జరిపితే, బోర్డు తిరిగినప్పుడు ఆ పేరు ఎగిరిపడినట్టు ఉంటుంది.

‘ఢిల్లీ’ని ప్రత్యేకంగా చూసుకోండి. ఢకారం కింది పొట్ట గీత ఆ 5 మి.మీ. పట్టీలో పడితే బోర్డు మీద ‘డిల్లీ’ అయి కూర్చుంటుంది. ‘బ’, ‘భ’ తేడా ఉన్న ఏ పేరుకైనా ఇదే జాగ్రత్త.

ఫాంటు విషయంలో రామభద్ర చూడ్డానికి దిట్టంగా బోర్డుకు సరిపోయేలా అనిపిస్తుంది కానీ, అంత లావు అక్షరాన్ని వినైల్ స్టిక్కరులో కోస్తే లోపలి కన్నాలు మూసుకుపోతాయి, నాలుగు గజాల దూరం నుంచి అన్నీ తెల్ల ముద్దలే. మండలి, లేదా నోటో సాన్స్ తెలుగు బోల్డ్ మేలు. గీత ఎక్కడా 2 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు, ఉంటే మొదటి ఎండాకాలానికే అంచు లేస్తుంది. వినైల్ కోత ఫ్లెక్సు షాపుల్లో అవుతుంది. వాళ్లకు ఫాంటు ఫైలు ఇవ్వకుండా, అక్షరాలను గీతలుగా మార్చిన ఫైలే ఇవ్వండి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఒత్తులు విడిపోయి ‘కర్నూలు’ కాస్తా ‘కర్‌నూలు’ అయి వస్తుంది. మెరుపు లేని తెలుపు ఊర్లకు, అంకెలకు; పరిస్థితి గడికి పసుపు.

చక్రం బిగించడం

పక్క గోడలు 6 మి.మీ. ప్లైవుడ్, 110 వెడల్పు, 160 ఎత్తు. ఇరుసు రంధ్రం అడుగు నుంచి 70, ముందు అంచు నుంచి 30. కింద అంత ఎత్తు ఎందుకంటే, చక్రం అడుక్కు వచ్చిన రెక్క ఇరుసు కింద 63 మి.మీ. దాకా వేలాడుతుంది.

రెక్కను కొద్దిగా వంచి ఒక చెవి, తర్వాత రెండోది దూర్చండి. ముందు నిలబడి చూస్తే నంబర్లు ముందు నుంచి పైకి, పైనుంచి వెనక్కి పెరగాలి. చక్రం పైభాగం మీవైపుకు వచ్చేలా తిరగాలి. వెనక్కి ఎప్పుడూ తిప్పకూడదు, ప్రోగ్రాములో కూడా. ఒక్కసారి వెనక్కి తిరిగితే పడిన రెక్కలు పైకి మడతపడి మధ్యలో ఇరుక్కుంటాయి, చెవులు విరుగుతాయి.

నిలబడ్డ రెక్కను ఆపేది పైనున్న ఆపుడు పట్టీ, 1 మి.మీ. పీవీసీ ముక్క చాలు. పొడుగాటి గాడిలో స్క్రూలతో బిగించండి, పైకీ కిందికీ జరపడానికి వీలుగా. చక్రం ఆగి ఉన్నప్పుడు ముందున్న రెక్క కొస పట్టీ కింది అంచు కంటే 3 మి.మీ. పైన ఉండాలి. వెడల్పు గడుల్లో ఇంకో జాగ్రత్త: పట్టీ ఒక పక్కకు ఒక మిల్లీమీటరు వాలినా రెక్క ఒక మూల ముందు విడిపడి, మెలితిరిగి, పక్క బిళ్లకు రాసుకుంటూ నెమ్మదిగా పడుతుంది. ‘ఫట్’ అనాల్సింది ‘జర్ర్’ అంటుంది. చెవితో వింటేనే తెలిసిపోతుంది.

మోటారు, లెక్క

ఈ మోటారుకు ఒక చుట్టుకు 2048 అడుగులని చాలాచోట్ల రాసి ఉంటుంది. 2048ని 24తో భాగిస్తే 85.33. ‘రెక్కకు 85’ అని రాసేశారంటే చుట్టుకు 8 అడుగులు తగ్గి, పది చుట్లకు దాదాపు ఒక రెక్క తేడా వస్తుంది. పైగా వీటిలో చాలా మోటార్ల గేర్లు నిజానికి 2038 దగ్గర ఉంటాయి. కాబట్టి పుస్తకం లెక్క నమ్మకుండా కొలవండి. అయస్కాంతం సెన్సారును దాటిన క్షణం నుంచి మళ్లీ దాటేదాకా అడుగులు లెక్కపెట్టిస్తే మీ మోటారు అసలు సంఖ్య వస్తుంది. ప్రతి రెక్క స్థానానికీ ఆ సంఖ్యను 24తో భాగించి, రెక్క నంబరుతో హెచ్చవేసి, చివర్లో మాత్రమే దగ్గరి పూర్ణాంకానికి సరిచేయాలి. అయస్కాంతం ఎదురైన ప్రతిసారీ లెక్కను మళ్లీ సున్నా దగ్గరికి తేవాలి.

ఏ3144 అయస్కాంతం ఒక ధ్రువానికే స్పందిస్తుంది. మోటారు వైపు బిళ్లకు అంటించేముందు రెండు వైపులా తిప్పి చూడండి, జిగురు ఆరాక తెలిస్తే బిళ్ల పోయినట్టే. సెన్సారుకూ అయస్కాంతానికీ నడుమ 2 నుంచి 3 మి.మీ. ఉండాలి.

కరెంటు రాగానే ప్రతి గడీ అయస్కాంతం దొరికేదాకా తిరిగి, ఖాళీ రెక్క దగ్గర ఆగాలి. మన దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసిందే, ఇది లేకపోతే వచ్చిన ప్రతిసారీ బోర్డు నోటికొచ్చింది చూపిస్తుంది. అయస్కాంతం నుంచి ఖాళీ రెక్క దాకా ఎన్ని అడుగులన్నది గడి గడికీ వేరు. పెన్సిలుతో పక్క గోడ లోపలివైపు రాసిపెట్టండి. ఆగాల్సిన చోటు రెక్క పడిన వెంటనే కాదు, ఇంకో 30 అడుగుల తర్వాత. ఇటు అంచున ఆపితే లెక్కలో చిన్న తేడాకే పడాల్సిన రెక్క పడదు, అటు అంచున ఆపితే వీధిలో ట్రాక్టరు పోయినా తర్వాతి రెక్క రాలుతుంది.

వేగం నిమిషానికి 10 చుట్లు. అంటే ఒక చుట్టుకు 6 సెకన్లు, సెకనుకు 4 రెక్కలు. అంతకంటే బాగా పెంచితే 5 వోల్టుల మీద ఈ మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. మామూలు వేగంలోనే మూలిగితే వైర్ల వరుస చూడండి: ఆర్డుయినోతో వచ్చే స్టెప్పర్ లైబ్రరీకి డ్రైవరు పిన్నులను 1-3-2-4 వరుసలో ఇవ్వాలి. మోటార్లకు కరెంటు ఛార్జరు నుంచి నేరుగా, ఆర్డుయినో 5 వోల్టుల పిన్ను నుంచి కాదు. రెంటి గ్రౌండూ కలపాలి. తిరగడం అయ్యాక మోటారు కాయిల్సుకు కరెంటు ఆపేయండి. గేర్లే పట్టి ఉంచుతాయి, మోటారు కాలదు.

ఇక్కడి ఎండ, ఇక్కడి గాలి

చక్రాలను త్రీడీ ప్రింటు చేయిస్తే పీఎల్ఏ ప్లాస్టిక్ వద్దు. 60 డిగ్రీల దగ్గర మెత్తబడే సరుకది. మే నెలలో అనంతపురంలో రేకుల గదిలో, పడమటి కిటికీ పక్కన ఎండ నేరుగా తగిలే నల్ల పెట్టె లోపల అంత వేడి వింత కాదు. చక్రం గుండ్రం తప్పితే 24 రెక్కల్లో ఏదో ఒకటి రోజూ ఇరుక్కుంటుంది.

పొడి గాలికి ప్లాస్టిక్ రెక్కలు ఒకదానికొకటి రుద్దుకుని, విద్యుత్తు పుట్టి అంటుకుంటాయి. వానాకాలంలో బాగా తిరిగిన బోర్డు ఫిబ్రవరి నుంచి జంటగా పడేయడం మొదలుపెడితే కారణం ఇదే. లీటరు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో రెక్కలు రెండువైపులా తుడిచి ఆరనివ్వండి. పౌడరు చల్లొద్దు, చెవుల రంధ్రాలు మూసుకుపోతాయి. రంధ్రాల్లో నూనె కూడా వద్దు. బండల పాలిష్ దుమ్ము ఎగిరే తాడిపత్రి, బేతంచెర్ల వైపు అయితే నూనె పడిన వారానికే అది సిమెంటు అవుతుంది.

సీలింగు ఫ్యాను గాలి నేరుగా తగిలితే వెడల్పు రెక్కలు పడకుండా తేలతాయి. ముందు అద్దం పెడితే గాలి ఆగుతుంది, చప్పుడూ చస్తుంది. చప్పుడు లేని రెక్కల బోర్డు ఎందుకు? 2 మి.మీ. యాక్రిలిక్ పెట్టి, కింద 10 మి.మీ. సందు వదిలితే రెండూ దక్కుతాయి. వెనకవైపు మాత్రం సన్న జాలీ కొట్టాల్సిందే. వెచ్చటి చీకటి పెట్టె కనబడితే బల్లి ఇల్లు కట్టకుండా ఉండదు.

పెట్టె, చప్పుడు

బయటి పెట్టె 600 వెడల్పు, 6 మి.మీ. ప్లైవుడ్, లోపల నల్ల మ్యాట్ రంగు. ముందు ముసుగుకు నాలుగు కిటికీలు, ఎత్తు 91, వెడల్పు ఒక్కో గడి ఒళ్లుకు సరిపడా. మోటార్లు, బిళ్లలు ముసుగు వెనక దాక్కోవాలి. పెట్టె బోలుగా ఉంటేనే రెక్క పడిన చప్పుడు పెరుగుతుంది కాబట్టి లోపల స్పాంజి అంటించకండి. కానీ మోటారు గీపెట్టే సన్నటి రొద కూడా దాంతోపాటే పెరుగుతుంది. దానికి రెండు పనులు: మోటారు చెవుల కింద సైకిలు ట్యూబు ముక్క వాషర్లు, పెట్టె అడుగున బరువు. బరువుకు కడప బండ కంటే మంచిది లేదు. పాలిష్ పట్టిన నల్ల బండ 600 × 150, 20 మి.మీ. మందం అంటే దాదాపు 5 కిలోలు. బండల ఫ్యాక్టరీలో తుంపుల కుప్పలోనే దొరుకుతుంది. నల్లటి మెరుపులో పసుపు అక్షరాల నీడ కనబడటం అదనపు లాభం. గోడకు బిగించే పనైతే ఈ బండ వద్దు, టేబులు మీద పెట్టేవాళ్లకే.

పైనుంచి వెలుగు వేయాలంటే పసుపు ఛాయ ఉన్న 3000 కెల్విన్ ఎల్‌ఈడీ పట్టీ, పెట్టెకు ఒక అడుగు ముందు, పైనుంచి వాలుగా. తెల్లటి ట్యూబులైటు కింద నల్ల పీవీసీ బూడిద రంగులో కనబడుతుంది.

ఊరి గడి మొదట తిరిగి, అది సగంలో ఉండగా గంట, ఆ తర్వాత నిమిషం, చివర్న పరిస్థితి మొదలయ్యేలా ఒక్కోదానికి అర సెకను తేడా ఇవ్వండి. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే చప్పుళ్లు కలిసిపోయి మిక్సీలా వినబడుతుంది. తేడా ఇస్తే ఎడమ నుంచి కుడికి టపటప జరుగుతూ వెళ్లి, ఆఖరి రెక్క ఒక్కటే విడిగా పడుతుంది. ఆ ఆఖరిది పరిస్థితి గడి రెక్కే అయ్యేట్టు చూసుకోండి. ఊరి గడి ఎక్కువ రెక్కలు తిప్పాల్సి వచ్చినప్పుడు మిగతా మూడూ దానికోసం ఆగాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా తిరగకుండా ప్రోగ్రాములో పెట్టడం మరవకండి. నిద్రపోతున్న ఇంట్లో ఈ చప్పుడు పక్కింటి దాకా వినబడుతుంది.